ప్లేటు మీద తాళంచెవుల చప్పుడు

మద్రాసులో సాయంత్రం ప్యాసింజరు ఎక్కేటప్పుడు నా బెంగంతా గాజు ప్లేట్ల గురించే. యుద్ధం వల్ల రేకు దొరక్క, పాట చెక్కడానికి మా గ్రామఫోను కంపెనీ పూత పూసిన గాజువి ఇచ్చింది. అవీ రెండే. కోడుమూరు దగ్గర ఒక నేతగాళ్ళ ఊళ్ళో, నేతగాళ్ళకు పంచాల్సిన కోటా నూలు దొంగచాటుగా అమ్ముకుంటున్న పంచాయతీ ప్రెసిడెంటు మీద జనం పాట కట్టారట. వాళ్ళు పాడుతుండగానే దాన్ని పట్టుకు రమ్మని యజమాని పంపాడు.

కడపలో తెల్లవారింది. గుంతకల్లులో బండి మారి, మధ్యాహ్నం దాటాక డోనులో దిగాను. ఈ దారిన వెళ్ళేవారు గుంతకల్లులోనే భోంచేయడం మంచిది. డోనులో నాకు మిగిలింది పలుచని మజ్జిగే.

కోడుమూరు బస్సు బొగ్గుతో నడుస్తుంది. ఎత్తు వచ్చినప్పుడల్లా మేమంతా దిగి నడిచాం, మేమే ముందు చేరాం. వెల్దుర్తి దాటాక బస్సు గుంతలో పడి ఒక ప్లేటు పగిలింది. నేను డ్రైవరు మీద విరుచుకుపడ్డాను. పక్కనున్న రైతు గాజుముక్కలు చూసి, "దీన్నెత్తుకొని ఈ దావన వస్తివే, శానా ధైర్యమప్పా నీది" అన్నాడు. నాకు నవ్వొచ్చి కోపం దిగిపోయింది.

రాత్రి కోడుమూరు సత్రంలో పడుకుని, పొద్దున్నే ఎద్దులబండి మీద ఊరు చేరాను. పాటకత్తె లక్ష్మమ్మ నాకు జొన్నరొట్టె, శనక్కాయల పచ్చడి పెట్టింది. ఆమె ఇంట్లో రెండు మగ్గాలూ నెలల తరబడి ఖాళీ. పాట పట్నానికి చేరితేనైనా నూలు వస్తుందని ఆమె ఆశ.

అంతా సిద్ధం చేశాక, ప్రెసిడెంటుకు తాంబూలం పంపామని చెప్పింది. వాళ్ళ ఆచారం అదట. పాట ఎవరి మీద కడితే వాళ్ళను చాప మీద కూర్చోబెట్టి పాడాలి, చివర జవాబు అడగాలి, జవాబు వచ్చేదాకా ఎవరూ లేవకూడదు. ఉన్నది ఒక్క ప్లేటు, ఆయన రంకెలు వేస్తే గతేమిటన్నాను. ఆమె వినలేదు.

ప్రెసిడెంటు వచ్చాడు. తాంబూలం తిప్పి పంపితే ఊళ్ళో తలెత్తుకోలేడు మరి. నడుముకు నూలు గోదాము తాళంచెవులు వేలాడుతున్నాయి. పాట చెక్కే యంత్రం తిప్పాను. కంచుతాళాలు, తప్పెట, ఊరంతా వంత. "మగ్గం గుంతలో కాళ్ళుండాయి, మా కండెలకు నూలు యాడుండాది?" అని లక్ష్మమ్మ గొంతెత్తింది. తర్వాత అన్నీ ఆగిపోయాయి.

"చెప్పప్పా, యాడుండాది?"

సూది ఉత్త నిశ్శబ్దాన్నే చెక్కుకుంటూ పోతోంది. ముగించమని చేతులు ఊపాను. ఆమె నావైపు చూడనైనా లేదు. ప్లేటు అయిపోవస్తుండగా ఆయన తాళంచెవుల గుత్తి విప్పి చాప మీద పడేశాడు. ఖణేలుమంది.

ప్లేటు పాడైందని నాకు ఏడుపొక్కటే తక్కువ. అందరికీ వినిపించి, చివరి ముక్క మద్రాసులో తీయించేస్తానన్నాను.

"తీయొద్దప్పా," అంది లక్ష్మమ్మ. "పాట మాది, ఆ సప్పుడు ఆయన్ది. జవాబు తీసేస్తే మేం ఉత్తగ తిట్టినట్టుంటాది."

ఆ సాయంత్రమే ఆ తాళంచెవులతో గోదాము తెరిచి నూలు పంచారు. మర్నాడు నేను బండెక్కేసరికి వీధి పొడుగునా మగ్గాలు ఆడుతున్నాయి. అంతకన్నా మంచి వీడ్కోలు నాకెవరూ చెప్పలేదు.

తిరుగు రైల్లో ప్లేటును ఒళ్ళోనే పెట్టుకున్నాను. దుమ్ము, ఎండ, బొగ్గుపొగ తిన్నా ఈ ప్రయాణం నాకు తృప్తినిచ్చింది. చివరి ముక్క తీయమంటే యజమానితో పోట్లాడాల్సిందే. కడపలో ఎక్కిన ఒక చీరెల వర్తకుడు ఒళ్ళో ఏమిటని అడిగాడు. కథంతా చెప్పి, పాట కూడా నాకొచ్చినట్టు పాడాను.

"మల్ల ఆయప్ప ఏమన్యాడు?"

జేబులోంచి నా పెట్టె తాళంచెవులు తీసి బల్ల మీద పడేశాను.

వర్తకుడు వాటిని తీసి నా చేతికిచ్చాడు. "అట్లయితే మగ్గాలు ఆడతాండాయి" అన్నాడు.

ఆడుతున్నాయన్నాను.