మానకూడని గాయం

అక్కకి న్యుమోనియా తగ్గిందని మేం సంబరపడేలోపే మళ్ళీ జ్వరం పట్టుకుంది. ఊపిరితిత్తి చుట్టూ చీము చేరిందన్నారు బందరు ఆసుపత్రిలో. పెన్సిలిన్ పొడిచారు, సూదితో లాగి చూశారు. చీము చిక్కబడి సూదిలోకి రాలేదు. చివరికి పక్కటెముక ముక్క తీసి, అక్కడ రబ్బరు గొట్టం పెట్టి ఇంటికి పంపారు.

"పైన తొందరగా మానకూడదమ్మా. లోపల్నించి పూడుకుంటూ రావాలి. గొట్టం ఊడితే ఆ రోజే తీసుకురండి," అని డాక్టరమ్మగారు మా అమ్మకి మరీ మరీ చెప్పారు.

దివిసీమలో మా ఇల్లు రెండు గదులు. గొట్టంలోంచి కారే చీము వాసనకి ఎవరికీ అన్నం సయించేది కాదు. ఇల్లు పీకి పందిరేసే అక్క, మనిషి దగ్గరికొస్తే గోడవైపు తిరిగి పడుకునేది. ఆదివారం చర్చికి రమ్మంటే, "నా కంపు మీ పాటలకెందుకులే," అనేది. అమ్మకి ఆ గొట్టమంటే పగ.

ఒక ఉదయం కట్టు విప్పితే గొట్టం దూదితోపాటు వచ్చేసింది. బందరు వెళ్దామన్నారు నాన్న.

"పసిపిల్లకి బొడ్డు ఎండి ఊడితే మళ్ళీ అతికిస్తామా ఏంటండీ? దాని పని అయిపోయింది, ఊడింది," అంది అమ్మ. ఐదుగురిని కని పెంచిన మనిషి. నాన్న వేసుకున్న చొక్కా విప్పి మళ్ళీ కొయ్యకి తగిలించారు.

పసుపూ వేపాకూ నూరి పెట్టింది. రంధ్రం చక్కగా పూడింది, వాసన పోయింది. అక్క తలంటుకుని, నా కొత్త రవిక లాక్కుని వేసుకుంది. అమ్మ వాడలో వాళ్ళందరినీ పిలిచి ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టించింది. అక్కే పాట ఎత్తుకుంది. సగంలో దగ్గొచ్చి ఆగిపోతే, పాటలు మర్చిపోయావే అని అందరం నవ్వాం. అంత సంతోషం మా ఇంట్లో మళ్ళీ చూడలేదు.

జ్వరం ఆ వారంలోనే తిరగబెట్టింది. ఎండదెబ్బే అంది అమ్మ. బస్సులో బందరు చేరేసరికి అక్క కూర్చోలేకపోయింది. డాక్టరమ్మగారు పూడిపోయిన ఆ మచ్చని వేలితో నొక్కి చూశారు. మళ్ళీ కోశారు. లోపల్నించి బేసిన్ నిండా చీము వచ్చింది. విషం ఒళ్ళంతా పాకిందన్నారు.

అమ్మ మీద నాకు ఏళ్ళ తరబడి కోపం. ఇప్పటికీ పూర్తిగా పోలేదు, అబద్ధమెందుకు. కానీ అక్క పోయిన పూట ఆసుపత్రి వరండాలో అమ్మ గొంతు నేను మరవలేను. డాక్టరమ్మగారు భుజం మీద చెయ్యేస్తే, ఏడవకుండా అడిగింది.

"మానిపోయిందని దేవుడికి వందనాలు చెప్పేశామండీ. ఇప్పుడు ఏమని చెప్పుకోమంటారు?"