టీచరమ్మగారు అడిగిన ప్రశ్న

గురువారం పొద్దున పాలు పోసే అతను పక్కింటి గేటు ముందు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాడు. రోజూ గేటు దగ్గరే పోసి పోయేవాడు. ఆ ఇంట్లో ఉండే టీచరమ్మగారు చనిపోయారని అప్పుడే అర్థమైంది.

అల్లూరులో మా చర్చి పిల్లలకు ఆమె ఆదివారం బడి టీచరు. మొగుడూ పెళ్ళాల గొడవ ఎక్కడ జరిగినా పిలుపు ఆమెకే. చర్చివాళ్ళ ఇళ్ళకూ, హిందూ రైతుల ఇళ్ళకూ, బజారులో తమిళం మాట్లాడేవాళ్ళ ఇంటికీ ఒకేలా వెళ్ళేవారు. రాత్రయితే భార్యను తనింటికి తెచ్చుకొని పడుకోబెట్టేవారు. భర్తతో మాట మాత్రం తెల్లారాకే.

ఎదురింటి రైతు, మేం అన్నా అని పిలిచేవాడు, శనివారాలు తాగి వచ్చేవాడు. "వచ్చినాడమ్మా మా పెండ్లికొడుకు!" అని ఆయన భార్య వాకిట్లోనే ఎగతాళి చేసేది. ఆయన నవ్వి పడుకునేవాడు. టీచరమ్మగారు ఆయన్నీ వదల్లేదు.

"పెళ్ళాం నవ్వతా ఉందిలే అనుకోబాక అబ్బయ్యా. ఆ నవ్వు ఎప్పుడు ఆగిపోద్దో నీకు తెలవదు."

మా చర్చిలో సంబంధం చూసేటప్పుడు అబ్బాయి గురించి ముందు అడిగేది, తాగుతాడా అని. తాగడంటే మంచివాడన్నట్టే. సంగం ఊరి అబ్బాయి తాగడని విని నాన్న అక్కను ఇచ్చారు. రెండేళ్ళకు అక్క సంచితో తిరిగొచ్చింది. కూరలో ఉప్పు తగ్గిందని బావ పళ్ళెం విసిరాడని, అది మొదటిసారి కాదని చెప్పింది.

"తాగడు గదమ్మా. సర్దుకో" అన్నారు నాన్న.

టీచరమ్మగారు అక్క పక్కనే కూర్చుని ఉన్నారు. "తాగితే వాసనొస్తది, పట్టుకుంటాం. కోపానికి వాసన లేదు నాయనా. గ్లాసు కిందపడితే నీ బిడ్డ ఎట్టా ఉలిక్కిపడతా ఉందో చూడు" అన్నారు.

మరునాడు నన్ను తోడు తీసుకొని బస్సులో సంగం వెళ్ళారు. ఆమె ఇంకా కూర్చోకముందే "నేను మందు ముట్టనండీ" అన్నాడు బావ.

"మంచిదే. మరి పళ్ళెం ఎందుకు విసిరినావు?"

ఆ మాట బావను అంతవరకూ ఎవరూ అడిగినట్టు లేదు.

"ఆలోచించుకో. అప్పటిదాకా పిల్ల మా దగ్గరే ఉంటది" అని ఆమె లేచారు.

అక్క ఇప్పుడు ఇక్కడే చిన్నపిల్లలకు పాఠాలు చెబుతోంది. వెళ్ళాలో వద్దో తనే తేల్చుకుంటానంది. నాన్న మళ్ళీ సర్దుకోమనలేదు.

టీచరమ్మగారిని సమాధుల తోటలో ఆమె భర్త పక్కన పెట్టారు. రొయ్యల చెరువుల మీదుగా ఉప్పుగాలి వీస్తోంది. ఆయన నేను పుట్టకముందే పోయారు. ఎన్నడూ ఒక్క చుక్క ముట్టలేదట. అయినా గ్లాసు కిందపడితే టీచరమ్మగారూ ఉలిక్కిపడేవారు.