మసాఫీ కొండల్లో వాన: సంచీయా, గుడారమా?

కొండలెక్కే మిత్రులు ఈమధ్య తరచూ ఒకటే అడుగుతున్నారు: వీపున మోసుకెళ్ళడానికి బివీ సంచీ నయమా, తేలిక గుడారం నయమా అని. ఒక్క మనిషి లోపల దూరి జిప్పు వేసుకుని పడుకునే, తడవని సంచీకి ఇప్పుడు బివీ అని పేరు. ఆ పేరు వినకముందే, ఎనభైల మొదట్లో, దుబాయ్ అల్ కుసైస్ క్యాంపు గదిలో నేనూ నూకరాజన్నా ఇదే విషయం మీద గొంతులు చించుకున్నాం.

నూకరాజన్నది అమలాపురం దగ్గర ఊరు. లారీలకు టార్పాలిన్లు కుట్టేవాడు. నాది మెట్‌పల్లి వైపు, నీళ్ళ ట్యాంకులు చేసే వర్క్‌షాపులో వెల్డర్ని. ఆ ఏడు అన్నకు హెర్నియా ఆపరేషన్ అయింది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పగానే కంపెనీ వీసా ఖలాస్ చేసింది. ఇంటికి పోయేలోగా ఒక్కసారి కొండల్లో పడుకోవాలని ఆయన కోరిక. జాతీయ దినోత్సవం గురువారం పడటంతో శుక్రవారంతో కలిపి రెండు రోజులు సెలవు దొరికింది.

మిగిలిన గుడ్డతో ఆయనే రెండు సంచులూ, ఒక చిన్న గుడారమూ కుట్టాడు. సంచులు మడిస్తే దిండంత. గుడారం మాత్రం బరువు. నీళ్ళ డబ్బాలు, బియ్యం, గిన్నెలు నా వీపు మీద ఉంటాయి కాబట్టి అది ఆయన మొయ్యాల్సిందే.

"గంత బరువు నువ్వెట్ల మోస్తవన్నా? డాక్టర్ చెప్పింది మర్శినవా? సంచులే పట్కపోదాం" అన్నాను.

"నీకు సంచీలో నిద్ర పడతాదేంట్రా మల్లేశూ?" అన్నాడు.

"పండుకుంటె చాలు, గుర్కపెడత" అని కోతలు కోశాను. అసలు సంగతి వేరు. అంతకుముందు ఏడు నేను ట్యాంకు లోపల వెల్డింగ్ చేస్తుంటే, లోపల ఎవరూ లేరనుకుని పైన మూత వేసేశారు. అప్పట్నుంచి మూసిన చోటంటే నాకు ప్రాణం పోయినట్టే. ఆ మాట గదిలో ఎవరికీ చెప్పలేదు. చివరికి గుడారం గదిలోనే వదిలి సంచులే తీసుకెళ్దామని ఖాయం చేసుకున్నాం.

గురువారం తెల్లవారుతూనే షార్జా చేరి, అక్కడ షేర్ టాక్సీ పట్టుకుని దైద్ మీదుగా మసాఫీ వెళ్ళాం. ఛార్జీ ఎంతో గుర్తులేదు కానీ పెద్దగా కాలేదు. "పహాడ్ మే క్యా హై భాయ్? పత్థర్!" అని, కొండల్లో రాళ్ళు తప్ప ఏముందని పఠాన్ డ్రైవరు నవ్వాడు. మసాఫీలో దింపి, మాకు రొట్టెలు ఇప్పించి, శుక్రవారం మధ్యాహ్నం అదే చోట ఉంటానని మాటిచ్చాడు.

అక్కడినుంచి ఎండిన వాగు వెంట నడక. నునుపు రాళ్ళు, అక్కడక్కడా రేగుచెట్లు. అన్న రెండు పొడుగు కర్రలు ఊతంగా పట్టుకుని నెమ్మదిగా నడిచాడు. మధ్యమధ్య ఆగి పొత్తికడుపు పట్టుకుంటున్నాడు. ఆయన మూట నేను తీసుకోబోతే, "ఇందులో ఆవకాయ సీసా ఉంది, నువ్వు పగలగొడతావు" అని దగ్గరికి రానివ్వలేదు.

మధ్యాహ్నానికి ఒక ఖర్జూరపు తోట దగ్గర ముసలి అరబ్ రైతు కేకేసి పిలిచాడు. కహ్వా అనే వాళ్ళ కాఫీ పోసి, కాలువ నీళ్ళు చూపించి, ఎంత కావాలంటే అంత పట్టుకోమన్నాడు. వాగులో పడుకుంటామని సైగ చేస్తే మబ్బు వైపు వేలు చూపించి, "మతర్! వాదీ లా!" అని గట్టిగా తల ఊపాడు. వానొస్తుంది, వాగులో వద్దని. ఆయన చూపిన గట్టు మీదికే ఎక్కాం. ఆ పెద్దాయన పుణ్యమే ఈ రాత.

చీకటి పడేవేళకు నిజంగానే వాన మొదలైంది. సంచీలో దూరి జిప్పు గొంతు దాకా లాగాను. వాన ముఖం మీద కొడుతుంటే ఇంకాస్త లాగాను. అంతే, చెవుల్లో ఆ మూత పడిన చప్పుడు. జిప్పు చించినంత పని చేసి బయటపడి, వానలో వణుకుతూ నిలబడ్డాను.

అన్న తన సంచీలోంచి లేచి వచ్చాడు. తన మూట విప్పి గుడారం బయటికి లాగాడు. ఊతకర్రలు రెండూ నిలబెట్టి, తాళ్ళు రాళ్ళకు కట్టాడు.

"ఇది నువ్వు మోశినవా అన్నా? ఆ కడుపుతోని?"

"కడుపుకి కుట్లేశారు గానీ కళ్ళకెయ్యలేదు కదరా. ఏడాదిబట్టి తలుపు పక్క మంచం ఎవరికీ ఇవ్వవు. చలిలో కూడా తలుపు వెయ్యనివ్వవు. నాకు తెలీదనుకున్నావా? రా, లోపలికి రా."

ఒక పక్క తెర ఎత్తే ఉంచాడు, ఆ పక్క నన్ను పడుకోబెట్టాడు. జల్లు కాళ్ళ మీద పడుతున్నా హాయిగా నిద్రపోయాను. పొద్దున చూస్తే కింద వాగు ఎర్రగా పారుతోంది. దిగేటప్పుడు గుడారం నేనెత్తుకున్నాను. మాటిచ్చినట్టే డ్రైవరు మసాఫీలో మాకోసం చూస్తున్నాడు.

మరుసటి వారమే నూకరాజన్న వెళ్ళిపోయాడు. గుడారం నాకే వదిలాడు. ఆ తర్వాత ఎన్ని కొండలు తిరిగినా, ఆ తెర ఎత్తినప్పుడల్లా ఆయనకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను. నన్ను నవ్వులపాలు చెయ్యకుండా నా భయాన్ని మోసిన మనిషి ఆయన.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. బివీ కొనేముందు ఇంట్లోనే అందులో దూరి, జిప్పు పూర్తిగా వేసుకుని కాసేపు పడుకుని చూడండి. ఊపిరాడనట్టు అనిపిస్తే సిగ్గుపడకుండా తోడొచ్చేవాళ్ళకు ముందే చెప్పండి. నేను చెప్పి ఉంటే, ఒక నీళ్ళ డబ్బా వదిలేసి ఆ గుడారం నేనే మోసేవాణ్ణి.