అక్క చేతులు, నా ఎర్ర సిరా

ఈ నెల పద్దెనిమిదో తేదీ ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగిన సిటీ బస్సులో, నా ముందు సీటులో ఉన్న ఒకావిడ, మోచేతుల నిండా ఎగ్జిమాతో ఒరుసుకుపోయిన తన కూతురిని చూపిస్తూ పక్కావిడతో అంటోంది: "హోమియో వాడుతున్నామండీ. పెరిగిందంటే మందు పనిచేస్తున్నట్టేనంట." ఆ ఒక్క మాటకు, ఇరవై రెండేళ్లుగా అణచుకున్న కోపం మళ్లీ రాజుకుంది.

మాది మంగళగిరి. ఆ రోజుల్లో మా వీధిలో నడుస్తుంటే ఇరువైపులా మగ్గాల చప్పుడే తోడుగా వచ్చేదని నా ఈడు వారికి చెప్పనక్కరలేదు. మా ఇంటి మగ్గం మీద మా అక్క కూర్చునేది. ఆమె వేళ్ల సందుల్లో మొదలైన ఎగ్జిమా, ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చిన పూత మందుతో పూర్తిగా పోకపోయినా, నేతకు అడ్డురానంత అదుపులో ఉండేది. మొదలంటా పోవాలన్న ఆశ నాది. విజయవాడలో మా ఆఫీసు ఎదుటి మేడ మీద ఉన్న హోమియో డాక్టరు దగ్గరికి ఆమెను తీసుకువెళ్లింది నేనే.

ఆయన గంటన్నరసేపు అక్క కలల గురించీ, చలి పడుతుందా ఎండ పడుతుందా అనీ ఓపికగా అడిగాడు. అంతకుముందు మా మాట రెండు నిమిషాలైనా ఎవరూ వినలేదు గనుక, ఆ వినడమే మాకు వైద్యంలా తోచింది. కాఫీ, పచ్చి ఉల్లిపాయ మానమన్నాడు. పూత మందు ఆ రోజే పారేయమన్నాడు. రోగం లోపలి నుంచి బయటికి వచ్చేటప్పుడు ముందు పెరుగుతుందనీ, అది మంచి గుర్తనీ, రోజూ రాసి తెమ్మనీ చెప్పాడు. ఆఫీసులో రోజంతా పద్దులు రాసేవాణ్ణి, రాయడమంటే నాకు చెప్పాలా! తేదీ, వేళ, పొక్కుల లెక్క రాసి, పెరిగిన ప్రతి రోజుకూ ఎర్ర సిరాతో టిక్కు పెట్టాను. ఆయన "భేష్" అన్నప్పుడల్లా పొంగిపోయాను.

ఇరవై తొమ్మిదో రోజున, మగ్గం మీద రసి కారి మరకలు పడిన చీర ముందు అక్క చేతులు చాపింది.

"ఒరే, నీ పుస్తకంలో టిక్కుల లెక్కన తగ్గుతోంది గానీ నా చేతులకి తగ్గట్లేదురా. ఆ పాత మందు తెచ్చిపెట్టు."

"ఇంకో పది రోజులు ఓర్చుకో అక్కా. ఇప్పుడాపితే ఇన్నాళ్లూ పడ్డదంతా దండగ."

"నీకేం, నువ్వు పట్టేది కలమేగా," అని నవ్వి, మళ్లీ నాడె అందుకుని పోగుల మధ్య విసిరింది.

నలభై ఒకటో రోజున జ్వరం. కుడి చేతి వేళ్ల లోపలికి చీము. ఆసుపత్రి వాళ్లు చేతిని నిలబెట్టారు గానీ రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. వెళ్లి నిలదీస్తే ఆ డాక్టరు అదే మెత్తని గొంతుతో, "మధ్యలో ఆపేశారండీ, అందుకే" అన్నాడు. ఆ మెత్తదనాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. నా చేతిలోని కలాన్నీ క్షమించలేదు.

బస్సు కదిలే లోపల ముందుకు వంగి, "పూత మందు మాత్రం మానకండమ్మా, చర్మ డాక్టరుకి చూపించండి" అన్నాను. "రోజూ రాసుకుంటున్నామండీ" అంటూ ఆవిడ ఫోను చూపించింది. వరసగా పచ్చని టిక్కులు. మా వీధిలో మగ్గాల చప్పుడు సన్నగిల్లింది, నోటుబుక్కుల కాలం పోయింది. ఆ టిక్కు మాత్రం చెక్కుచెదరలేదు.

పోయినవి: అక్క రెండు వేళ్ల వంపు, మగ్గం, మా ఇంట్లో ఆ చప్పుడు. మిగిలినవి: మగ్గం మీంచి కోసి తీసిన మూడు గజాల మరకల నేత, ముప్పై ఆరు ఎర్ర టిక్కులున్న నోటుబుక్కు. అక్క ఈ ఇరవై రెండేళ్లలో నన్ను ఒక్క మాటా అనలేదు. దాన్ని పోయినవాటిలో రాయాలో, మిగిలినవాటిలో రాయాలో నాకింకా తేలలేదు.