రెండు తాంబూలాలు పుచ్చుకున్న ఇల్లు

నా చిన్నప్పుడు నన్ను చూస్తే మా లైనులో, అంటే తోట కూలీల ఇళ్ళ వరసలో, పెద్దవాళ్ళు దారి మార్చుకునేవారు. ఏ ప్రశ్న అడుగుతానోనని భయం. మావాళ్ళు సముద్రం దాటి కూలికి వచ్చిన దేశంలో, బాగన్ దాతుక్ దగ్గర కొబ్బరి తోటలో ఉండేవాళ్ళం. అడవిలో తుపాకులు పట్టిన కమ్యూనిస్టులకు తిండి అందకూడదని మా ఇళ్ళ చుట్టూ ముళ్ళ కంచె వేశారు. అమ్మ పనికి వెళుతుంటే గేటు దగ్గర కాపలావాళ్ళు సంచీ దులిపి మరీ చూసేవారు. కంచె మనల్ని కాపాడడానికా, మనల్ని పట్టి ఉంచడానికా అని ఒకసారి ఆ కాపలావాళ్ళనే అడిగేశాను. అమ్మ నా చెయ్యి గిల్లి లాక్కుపోయింది.

అప్పుడప్పుడు సాయంత్రాలు ప్రభుత్వం సినిమా బండి వచ్చేది. మైదానంలో తెల్లగుడ్డ కట్టి బొమ్మలు చూపించేవారు. లోకమంతా రెండుగా చీలిపోయిందనీ, ఒకవైపు అమెరికా, ఇంకోవైపు రష్యా ఉన్నాయనీ, ఊళ్ళకు ఊళ్ళు బూడిద చేసే బాంబులు ఇద్దరి దగ్గరా ఉన్నాయనీ అందులో చెప్పారు. మాకేమో మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చేస్తోందని అందరూ అనుకుంటున్న రోజులవి. ఇక నాకు పట్టుకుంది. మన దేశం మనకొచ్చాక మనం ఎవరివైపు?

కనిపించిన వాళ్ళందరినీ అడిగాను. తోట ఆఫీసు గుమాస్తాని మేము కిరాణి గారనేవాళ్ళం. ఆయన కళ్ళజోడు పైనుంచి చూసి, తెల్లవాళ్ళ వైపు కాక ఇంకెవరి వైపని కసిరారు. కూలీలకు పనులు పంచే కంగాణి గారు పెద్దగా నవ్వి, బలం ఎవడికుంటే వాడి వైపేనన్నారు. అమ్మ, నువ్వు ముందు గిన్నెలు తోముకునే వైపు వెళ్ళమంది. చివరికి మా తాతయ్య దొరికాడు. మా నాన్నకు నాన్న. చదువు రాదు గానీ టీ కొట్టు దగ్గర ఎవరో అరవ పేపరు చదువుతుంటే పూర్తిగా వినిగాని లేచేవాడు కాదు. జావాలో బాండుంగ్ అనే ఊళ్ళో కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిన దేశాలవాళ్ళు చాలామంది కూడి కూర్చున్నారనీ, ఆ ఇద్దరు పెద్దవాళ్ళలో ఎవరి కొమ్మూ కాయమని కొందరు గట్టిగా అన్నారనీ చెప్పాడు. వచ్చినవాళ్ళందరూ ఆ మాట మీద నిలబడలేదని తర్వాతెప్పుడో చదివి తెలుసుకున్నాను, అది వేరే సంగతి.

"మరి ఇద్దరికీ కోపం వస్తే?" అన్నాను.

"అదే నాకూ తెలవదే గుంటా," అన్నాడు. "సూద్దాం. ఏటౌతాదో."

తెలియదని ఒప్పుకున్న పెద్దమనిషి ఆయనొక్కడే. అందుకే నాకు తాతయ్యంటే అంత ఇష్టం.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. నాకు ఊహ తెలియకముందే నాన్న జ్వరంతో పోయాడు. అమ్మకు ఎండ పడదు. పొద్దెక్కేదాకా ఎండలో ఉంటే కళ్ళు తిరిగి పడిపోయేది. అది చూసి కంగాణి గారు అమ్మను కలుపు పని నుంచి తప్పించి కొప్పరా కొట్టంలోకి మార్చారు. నీడపట్టున కూర్చుని చిప్పల్లోంచి కొబ్బరి తీసే పని. నేను టౌన్లో బడికి వెళ్ళేదాన్ని. కంచె దాటి పిల్లలు ఒంటరిగా నడవడానికి లేదు కాబట్టి తోట లారీలో వెళ్ళాలి. లారీలో ఎవరెక్కాలో చెప్పేది కిరాణి గారు. అంటే నా చదువు ఒకాయన చేతిలో ఉంది, అమ్మ తల మీద నీడ ఇంకొకాయన చేతిలో ఉంది. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి పడేది కాదు. గొడవ దేనికి మొదలైందో వాళ్ళకే గుర్తులేదని నా అనుమానం.

మెర్డెకా రోజు తోటలో భోజనాలు ఎవరు పెట్టించాలన్న దగ్గర అది కాస్తా ముదిరింది. ఇద్దరూ తగ్గలేదు. ఆఫీసు వైపు కిరాణి గారు, రామమందిరం వైపు కంగాణి గారు పందిళ్ళు వేయించారు. ఒకే లైను, రెండు చివర్లు, రెండు పందిళ్ళు, అదే మధ్యాహ్నం. పిలుపులు మొదలయ్యాయి.

మా ఇంటికి పిలుపు వచ్చిన రోజు బడి లేదు. అమ్మ కొట్టానికి, తాతయ్య టీ కొట్టుకి వెళ్ళారు. ఇంట్లో నేనొక్కదాన్నే. కిరాణి గారి భార్య ఇత్తడి పళ్ళెం పట్టుకుని గుమ్మంలోకొచ్చి, అమ్మకు బొట్టు పెట్టే వీలు లేదు గనక నాకే పెట్టి, తాంబూలం చేతికిచ్చి, అందరూ రండమ్మా అంది. పాయసం సేమియాతోనా, సగ్గుబియ్యంతోనా అని అడిగి మరీ పుచ్చుకున్నాను. ఆవిడ అలా వెళ్ళిందో లేదో కంగాణి గారి చెల్లెలు వచ్చింది. అదే పళ్ళెం, అదే బొట్టు, అదే మాట. అదీ పుచ్చుకున్నాను. తాంబూలం పుచ్చుకుంటే వస్తామని మాట ఇచ్చినట్టేనని నాకు తెలుసు. ఇద్దరు పిలిచారు, ఇద్దరికీ మాటిచ్చాను. రెండు భోజనాలని సంబరపడ్డాను కూడా.

సాయంత్రం అమ్మ వచ్చి కిటికీలో పక్కపక్కన ఉన్న రెండు తాంబూలాలూ చూసింది. కాళ్ళు కడుక్కోకుండానే గడప మీద కూలబడిపోయింది.

"ఒలమ్మో, ఎంత పని సేసినావే!"

కొట్టంలో ఉండగానే రెండు వైపుల నుంచీ కబురు వచ్చిందట. కంగాణి పందిట్లో విస్తరి వేసుకున్నవాళ్ళ పిల్లలు ఇక లారీ ఎక్కక్కర్లేదని కిరాణి గారన్నారట. కిరాణి పందిట్లో తిన్న ఆడవాళ్ళకు కొట్టంలో పనుండదని కంగాణి గారన్నారట. లైనంతా గుసగుసలే. ఎటు వెళ్ళాలో ఎవరికీ పాలుపోవడం లేదు.

అమ్మ కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, టీ కొట్టు నుంచి వచ్చిన తాతయ్యతో చాలా మామూలుగా చెప్పింది. "కంగాణి గారిది తిరిగిచ్చీస్తాను మావా. ఎండలోకి ఎల్తాను. గుంట సదువు ఆగకూడదు." నేను గుండెలు పగిలేలా ఏడ్చాను. నాకు చదువొద్దు, కిరాణి గారిదే ఇచ్చెయ్యమన్నాను. నిజంగా ఒద్దని కాదు. బడంటే నాకు ప్రాణం. అయినా ఎండలో పడిపోయిన అమ్మను ఇద్దరు ఆడవాళ్ళు మోసుకొచ్చిన రోజు నాకింకా గుర్తుంది.

తాతయ్య మాత్రం నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "గుంట సేసిన దాంట్లో తప్పేటుంది?" అన్నాడు. "ఇద్దరూ మరేదగా పిలిచినారు. మరేదగా పుచ్చుకున్నాం. పుచ్చుకున్న తాంబూలం తిరిగిస్తే మాటెక్కడుంటాది?"

తర్వాత నన్ను నీళ్ళు తెమ్మని పంపేసి అమ్మతో ఏదో మాట్లాడాడు. నేను తిరిగొచ్చేసరికి అమ్మ పొయ్యి రాజేస్తోంది. తాతయ్య రెండు తాంబూలాల తమలపాకులూ ఒకే పళ్ళెంలో కలిపేసి, పద, ఊరు తిరిగొద్దామన్నాడు.

కర్ఫ్యూ వేళ కాకముందే ఇంటింటికీ వెళ్ళాం. గుమ్మంలో నిలబడి ఒక ఆకు చేతిలో పెట్టి, మేము రెండు పందిళ్ళకూ వెళుతున్నాం, మీరూ కలిసి రండని పిలవడమే. ఒక్క ఇల్లు అలా వెళితే పొగరంటారు, పది ఇళ్ళు వెళితే ఏమంటారని ఆయన వాదన. కొందరు ఆకు తీసుకుని తలుపేసుకున్నారు. కొందరు ఆకు కూడా తీసుకోలేదు. ఒకాయనైతే, ముసలోడికి మతి పోయిందని మా ఎదుటే అన్నాడు. తాతయ్య ఏమీ అనుకోకుండా పక్కింటి గుమ్మం ఎక్కాడు. మా పక్కింటి అక్క, ఇద్దరు పిల్లల తల్లి, తనకు భయమని ముందే చెప్పేసింది. "భయం నాకూ ఉందమ్మా," అన్నాడు తాతయ్య. "అందుకే నిన్ను పిలవడానికొచ్చినాను."

నాకు అప్పుడే ఇంకో అనుమానం వచ్చింది. సరే, ముందు ఏ పందిరికి వెళ్ళాలి? ముందు వెళ్ళినచోట మురిసిపోతారు, వెనక వెళ్ళినచోట ముఖం మాడ్చుకుంటారు. తాతయ్య ఆగి నన్ను ఎగాదిగా చూశాడు. ఈ ప్రశ్న బాగుందే అన్నాడు. దానికి ఆయన తీర్చిన తీర్పు ఏమిటంటే, సగం ఇళ్ళు ఆ చివర మొదలుపెట్టాలి, సగం ఇళ్ళు ఈ చివర మొదలుపెట్టాలి, అన్నం ఒకచోట తిని పాయసం రెండోచోట తాగాలి.

మెర్డెకా రోజు మధ్యాహ్నం మా లైనులో జరిగిన తమాషా తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మా గుంపు ఆఫీసు పందిట్లో అన్నం తిని ఇటు వస్తోంది. రెండో గుంపు మందిరం పందిట్లో అన్నం తిని అటు వెళుతోంది. దారి మధ్యలో ఎదురుపడ్డాం. పప్పు బాగుందా, వంకాయ బాగుందా అని పిల్లలం అరుచుకున్నాం. పెద్దవాళ్ళు మాత్రం బిక్కుబిక్కుమంటూ నడిచారు. అనుకున్నదానికంటే ఎక్కువమందే వచ్చారు. పక్కింటి అక్క ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని అందరికంటే వెనక వచ్చింది.

కిరాణి గారి పందిట్లో జరిగింది చెప్పలేదు కదూ. మేము విస్తళ్ళ ముందు కూర్చున్నాక ఆయన అందరూ వినేలా, చివరికి నువ్వు ఎవరి మనిషివయ్యా ముసలాయనా అని అడిగారు. తాతయ్య లేచి నిలబడి దణ్ణం పెట్టాడు.

"బాబూ, పిల్లల్కి లారీ ఏయించినారు. ఆ మేలు మరిసిపోం. లారీ సూపించి బెదిరించడం మాత్రం బాగునేదు."

అని కూర్చుని, పప్పు ఇంకొంచెం వెయ్యమన్నాడు. మందిరం దగ్గర కంగాణి గారికీ అంతే. ఆడవాళ్ళను నీడలో కూర్చోబెట్టినందుకు దణ్ణం, ఆ నీడను ఎరగా చూపినందుకు మాట. కంగాణి గారు చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయారు. ఎవరివైపూ లేకపోవడమంటే నోరు మూసుకుని మూల కూర్చోవడమని నేను అనుకునేదాన్ని. ఆ రోజుతో ఆ అభిప్రాయం పోయింది.

బడి తెరిచిన రోజు నేను సంచీ తగిలించుకుని లారీ దగ్గరకు వెళితే, ఇదంతా మొదలుపెట్టిన ఇంటి పిల్లవి, నీకు చోటు లేదన్నారు కిరాణి గారు. లారీ నిండా పిల్లలు. నేనొక్కదాన్నే కింద. సిగ్గుతో నాకు ఏడుపు కూడా రాలేదు. అప్పుడు పక్కింటి అక్క గబగబా వచ్చింది. లారీ మీదున్న తన పెద్దవాణ్ణి చంకల కింద పట్టుకుని దించేసింది. ఇంకో తల్లి వచ్చి తన పిల్లను దించింది. తర్వాత కొందరు పిల్లలు వాళ్ళంతట వాళ్ళే దూకేశారు. చివరికి లారీలో కిరాణి గారబ్బాయి ఒక్కడే మిగిలాడు. వాడు అటూ ఇటూ చూసి, నేనొక్కణ్ణీ వెళ్ళనని భోరుమన్నాడు. ఖాళీ లారీ టౌనుకెందుకు వెళ్ళిందని తోట నడిపే తెల్లదొర అడిగితే ఏం చెప్పాలి? కిరాణి గారు నా వైపు చూడకుండానే, ఎక్కండి, ఎక్కండి, వేళ మించిపోతోందన్నారు. నేనూ ఎక్కాను. ఆ తర్వాత ఎవరూ నన్ను దిగమనలేదు.

కథ ఇక్కడితో ఆపితే బాగుంటుంది. చాలాసార్లు పిల్లలకు ఇక్కడికే ఆపి చెప్పాను కూడా. కానీ కంగాణి గారు వంగలేదు. ఆ ఉదయమే అమ్మనొక్కదాన్నే కలుపులోకి పంపేశారు. కొట్టంలోని ఆడవాళ్ళు నలుగురూ కలిసి వెళ్ళి అడిగారు. సరే, ఆవిడ లోపలికొస్తే మీలో ఎవరు బయటికెళతారో చెప్పండన్నారాయన. ఎవరూ చెప్పలేకపోయారు. వాళ్ళను తప్పుపట్టను, ఎవరి ఇబ్బంది వాళ్ళది. ఆ కంగాణి మారేదాకా, చాలాకాలం, అమ్మ తడిగుడ్డ నెత్తిన వేసుకుని ఎండలోనే పనిచేసింది. సాయంత్రం నేను లారీ దిగి వచ్చేసరికి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉండేది. ఈ రోజు ఏటి నేర్చినావని అడిగేది.

ఒకరోజు ఉండబట్టలేక తాతయ్య మీద విరుచుకుపడ్డాను. ఇలా అవుతుందని నీకు ముందే తెలుసా, తెలిసీ మమ్మల్ని తీసుకెళ్ళావా అని నిలదీశాను.

"తెలుసే. మీ అమ్మకీ తెలుసు. ఆకులు పట్టుకుని బయల్దేరకముందు దాన్నే అడిగినాను. నువ్వు ఒద్దంటే మానేస్తానన్నాను. ఎల్దాం మావా అంది."

నేను అమ్మ దగ్గరకు పరుగెత్తి మెడ వాటేసుకున్నాను. ఎందుకో తెలియక అమ్మ నవ్వింది. ఎండకు మాడిన ఆ మెడ నా చెంపకు వేడిగా తగిలింది.

మా దేశం మొదట్లో బ్రిటిషువాళ్ళ సైన్యం అండనే ఉండిపోయింది. పెద్దవాళ్ళెవరి కొమ్మూ కాయమని అనడానికి చాలా ఏళ్ళు పట్టింది. అన్న రోజున నేను పనిచేసే బళ్ళో అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, మనస్ఫూర్తిగానే. కానీ ఆ రోజూ, ఆ తర్వాత ఏ దేశమైనా, ఏ మనిషైనా తలెత్తుకుని ఆ మాట అన్నప్పుడల్లా, మెచ్చుకునే ముందు నా మనసు ఎండలోకి ఎవరు వెళ్ళారా అని వెతుకుతుంది. వాళ్ళను అడిగే పంపారా అని వెతుకుతుంది. మా ఇంట్లో అడిగారు. మా అమ్మ ఎల్దాం అంది.