ఐటీఐ కుర్రాళ్ల ఇండోనేషియా వాచకం

మొన్న ఆదివారం బేస్‌మెంట్ సర్దుతూ మా అమ్మాయి అట్ట ఊడిన పుస్తకమొకటి రెండు వేళ్లతో పైకెత్తి, "డాడీ, ఇది ఏం లాంగ్వేజ్? ట్రాష్‌లో వెయ్యాలా, రీసైకిల్‌లోనా?" అంది. ఈ దేశంలో మనకి అన్నం పెట్టిన పుస్తకం తల్లీ, కళ్లకద్దుకో అన్నాను. ఎప్పటిలాగే కోతలనుకుని నవ్వేసి పోయింది.

అసలు కోత కోసింది ఇప్పుడు కాదు, ఈ ట్రాయ్ ఊరికి వచ్చిన కొత్తలో. ప్రాజెక్టు లేక బెంచ్ మీదున్న రోజుల్లో రెజ్యూమేలో ఏమేం రాసేవాళ్లమో మన వయసువాళ్లకి చెప్పక్కర్లేదు. అందరూ అనుభవానికి రెండేళ్లు కలుపుకుంటే, నేను ఇంకాస్త ఘనంగా ఉండాలని, ఇండోనేషియా భాష అనర్గళం అని కూడా రాసుకున్నాను. ఎవడడుగుతాడులే అని ధీమా. సరిగ్గా ఆ ముక్క చూసే ఒక కారు విడిభాగాల కంపెనీ, ఇండోనేషియాలోని తమ ఫ్యాక్టరీతో మాట్లాడే పనికి నన్ను తీసుకుని, మూడు వారాల్లో మొదటి ఫోన్ కాల్ పెట్టింది. అది చెడితే ఉద్యోగం పోతుంది, దాని వెనకే వీసా, ఇక పెట్టె సర్దుకోవడమే.

నా పాట్లు చూడలేక, కింది అపార్ట్‌మెంట్‌లో ఉండే ఇండోనేషియా మెకానిక్ ఒకాయన, మన ఐటీఐ లాంటి స్కూల్లో తాను చదివిన భాషా వాచకం తెచ్చి చేతిలో పెట్టాడు. చిలకల కథలూ కుందేళ్ల కథలూ లేవందులో. ఉద్యోగానికి అర్జీ ఎలా రాయాలి, షెడ్డుకొచ్చినవాడికి బ్రేకుల సంగతి ఎలా చెప్పాలి, అంతే. కారు మీది మంచు గీకుతూ, పప్పుకి పోపు పెడుతూ బట్టీ పట్టేశాను. నా ధాటికి కిటికీ బయటి ఉడతలు కూడా అర్జీలు రాయడం నేర్చుకున్నాయంటే నమ్మండి.

కాల్ రోజున మా మేనేజరు పక్కనే కూర్చున్నాడు. అవతల ఫ్యాక్టరీ పెద్దాయన పలకరించగానే బుర్ర ఖాళీ అయిపోయి, మొదటి పాఠం, మహారాజశ్రీ అయ్యగారికి అన్నచోటు నుంచి విధేయుడు దాకా, ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేశాను. అంటే ఆయన ఫ్యాక్టరీలో నాకో ఉద్యోగం ఇప్పించమని ఆయన్నే వేడుకున్నానన్నమాట. తర్వాత ఆయన ఇంగ్లీషులో, మా మేనేజరుకి వినబడేలా, మీవాడు మహా మర్యాదస్తుడు, ఇతన్నే ఉంచండి, మిగతాది ఇంగ్లీషులో కానిద్దాం అన్నాడు. తానూ అలాంటి అర్జీతోనే జీవితం మొదలుపెట్టానని ఏడాది తర్వాత చెప్పాడు.

ఇప్పుడు ఏ భాషైనా ఫోన్ ముందు పెడితే చాలు, అదే తర్జుమా చేసేస్తుంది, మా ఆఫీసు పిల్లలకి అలాంటి అబద్ధం అవసరమే లేదు. మంచిదే. కానీ, దొరికిపోయినవాణ్ణి దొరకనట్టే వదిలేసే పెద్దరికం ఒకటుండేది. అది ఎదురుపడటానికి ఇప్పుడు మనిషికీ మనిషికీ మధ్య సందే లేకుండా పోయింది.