పెద్దమ్మ ఎక్కిన పెరూ కొండ

ఇందుమూలంగా ఆదోని, ఎమ్మిగనూరు వాసులందరికీ తెలియజేయడమేమనగా: నా టిఫిన్ బండి ఉగ్గానిలో పప్పులపొడి తక్కువైందని ఇకమీదట ఎవ్వరూ నన్ను తిట్టడానికి వీల్లేదు. ఆ హక్కు ఒక్క మా పెద్దమ్మకే ఉండేది. ఆమె పోయిన మంగళవారం ఎమ్మిగనూరులో కన్ను మూసింది. హక్కు కూడా ఆమెతోనే పోయింది.

నలభై ఏండ్లు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేసిన మనిషి. మోకాళ్లు రెండూ అరిగినాయి గానీ నోరు అరగలేదు. ఏడో తరగతి తప్పిన నన్ను "కలెక్టరూ" అని పిలిచేది. నేనేమన్నా తక్కువా? ఆమె కండ్లజోడు దాచి, ఇల్లంతా వెతికించి, చివరికి ఆమె నెత్తిమీదే పెట్టేవాణ్ణి. దవడనున్న ఆకువక్క ఇటునుంచి అటు మార్చిందంటే తిట్లు మొదలన్నమాట.

ఆమె మనవరాలు పోయినేడు కాలేజీ తరఫున ఆరునెలల చదువుకని పెరూ దేశం పోయింది. ఆడ మంచుకొండ ఎక్కుతానని ఫోన్ చేసింది. మేఘాలకన్నా ఎత్తంట, ఊపిరే సరిగా ఆడదంట.

"పిల్ల ఒక్కతే ఎట్ల ఎక్కుతాది? అది ఆడ ఎక్కినంతసేపూ ఈడ నేనూ ఎక్కుతా," అనింది పెద్దమ్మ.

"యాడికి? మిద్దె మీదికా?"

"ఆదోని రణమండల ఆంజనేయుని కొండకు. మోటార్ సైకిలు తియ్యి, కలెక్టరూ."

ఆడ తెల్లారేటప్పటికి ఈడ సాయంత్రం. పిల్ల చీకటితోనే ఎక్కడం మొదలుపెడతాదంట, అందుకని మధ్యాహ్నం మబ్బు పట్టినాక మొదలుపెట్టినాము. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించి ఆమె ఎక్కుతాంటే నాకు కాలు నిలవలేదు. ముందుకు ఉరికి, మా పెద్దమ్మ పెరూ కొండ ఎక్కుతాందని పూలమ్మే ఆమెకు చెప్పినాను, దిగొచ్చేవాళ్లకు చెప్పినాను. పావుగంటలో మెట్లన్నిటి మీదా అదే మాట.

"అవ్వా, పెరూ ఇంకెంత దూరం?" అని ఒకడడిగినాడు.

"నీ పెండ్లిలోపల చేరుకుంటాలే, పోరా."

తన పక్కన నడిచేటప్పుడు నన్ను మాత్రం నోరు తెరవనీలేదు. "ఎక్కేటప్పుడు మాటలొద్దు. ఉన్న ఊపిరి కాళ్లకు పెట్టు," అనింది.

సగం దాటినాక కూలబడింది. "నా వల్ల కాదురా. నేనిట్ల కూసుంటే ఆడ పిల్లకేమైతాదో," అనింది మోకాలు పట్టుకొని. తిట్టలేదు. దాంతో నాకు భయమేసింది. అప్పుడే ఫోన్లో పిల్ల మెసేజ్ వచ్చింది. గట్టిగా చదివినాను: "అవ్వా, నేనూ కూచున్నా. నువ్వు లేస్తే లేస్తా."

ఆకువక్క అటు మార్చి లేచింది. పైకి చేరేదాకా మళ్లీ కూచోలేదు.

పైన గాలి కొంగును లాగేస్తాంటే, "పెరూ యాపక్కరా?" అని అడిగింది. నాకేం తెలుసు? ఎమ్మిగనూరు దిక్కు చూపించినాను.

"అట్లయితే మనింటి మీదుగానే పోయింటాది," అని అటు చెయ్యెత్తి ఊపింది. పైనున్న జనమంతా ఊపినారు.

ఇప్పుడు నిజం చెప్పాల. ఆ మెసేజ్ రాలేదు. ఆ మెట్ల మీద సిగ్నలే లేదు. ఖాళీ ఫోన్ చూస్తా నేను అల్లిన మాట అది. ఆ వేళకు పిల్ల తలనొప్పితో, వాంతులతో సగంలోంచే దిగిపోయింది. మేము కిందికొచ్చినాక వీడియో కాల్ చేసి, "నా వల్ల కాలేదవ్వా, ఎప్పుడో దిగొచ్చేసినా," అని ఏడ్చింది. పెద్దమ్మ నా మొహంలోకి చూసింది. నేను నా చెప్పులు చూసుకున్నాను, తిట్లకోసం కాచుకొని.

"దిగొచ్చినావు, అంతే సాలు. నేనెక్కినా గదా. ఇంట్లో ఒకరెక్కితే ఐపాయ," అని ఫోన్ కిందికి తిప్పి, దుమ్ముకొట్టుకొని వాచిన తన పాదాలను ఆ పిల్లకు చూపించింది, ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి.